కుక్క కడుపులో గడ్డ ఉండాలని

స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చునేవాళ్ళలో గర్భిణీలను పక్కన పెడితే మిగతా అందరి కోరికా ఒకటే. లోపల ఏమీ ఉండకూడదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకావిడ, కళ్ళు మూసుకుని ఒకాయన, ఫ్యాను వైపు చూస్తూ ఇంకొకరు, అందరూ "ఏమీ లేదు, ఇంటికెళ్ళండి" అనే మాట కోసమే కూర్చుంటారు. ఎనభైల చివర్లో గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఆ గదిలో నర్సుని. ఆ మిషన్ అప్పటికి మా వైపు జనానికి కొత్త. పొట్ట కోయకుండానే లోపలున్నది టీవీలో చూపిస్తుందట అని చీరాల నుంచీ, ఒంగోలు నుంచీ కూడా వచ్చేవాళ్ళు.

అలాంటి గదిలో నిలబడి "దేవా, గడ్డ ఉండాలి, కనపడేంత పెద్ద గడ్డ ఉండాలి" అని ప్రార్థన చేసిన దాన్ని నేను. బల్ల మీద పడుకుంది కుక్క. ఆ కుక్క మీద నాకు కోపం లేదు, పగ లేదు. నా చేత్తో అన్నం తిన్న కుక్కే. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి, నాకేం బాధ లేదు.

మా నాన్న చిలకలూరిపేట దాటాక ఒక ఊళ్ళో పెద్ద ఆసామి దగ్గర పాలేరు. మేం ఆ ఊరి చివర దళితవాడలో, మా వైపు పల్లె అంటారు, చర్చి పక్కన ఉండేవాళ్ళం. ఆసామికి పత్తి, మిరప కలిపి బోలెడు భూమి. ఆయనకొక ఆల్సేషియన్ కుక్క. హైదరాబాదు నుంచి బుట్టలో తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నది ఆయన, పెంచింది మా నాన్న. స్నానం చేయించడం, పేలు తీయడం, పొద్దున్నే చేలోకి తిప్పుకురావడం, అన్నీ నాన్నే. అది నాన్న వెనకాలే పత్తి చేలో సాళ్ళ మధ్య తిరిగేది. ఆసామి ఇంట్లో నాన్న గుమ్మం దాటి లోపలికి వెళ్ళకూడదు, కుక్క వెళ్ళొచ్చు. చోద్యం కాకపోతే మరేంటి! కానీ నాన్నకి దాని మీద అసూయ ఏమీ ఉండేది కాదు. "అది నా మాటైతే వింటుందమ్మా" అని మురిసిపోయేవాడు.

ఈ స్కానింగ్ జరిగిన ఏడు అది మా పల్లెలో ఒకావిడ పిక్క పట్టుకుంది. పత్తి తీతకు వెళ్తున్న మనిషి. రక్తం కారుతుంటే పల్లె మగవాళ్ళు ఆసామి ఇంటి ముందుకు వెళ్ళి గట్టిగానే మాట్లాడారు. "కట్టేసుకుంటే కట్టేసుకోండి, లేకపోతే దాని సంగతి మేం చూస్తాం" అని ఎవరో కుర్రాడు అనేశాడు. ఆ మాట ఊళ్ళో అందరి చెవినా పడింది. నాన్న ఆ రోజు ఎటువైపూ మాట్లాడలేక తల దించుకుని నిలబడ్డాడని అమ్మ చెప్పింది.

తర్వాత కొన్నాళ్ళకి, నేను డ్యూటీలో ఉండగా, అమ్మ పొద్దున్నే మొదటి బస్సుకి ఆసుపత్రికి వచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు. నన్ను చూడగానే మెట్ల మీద కూలబడిపోయింది.

"మీ నాన్నని రాత్రంతా పశువుల కొట్టం అరుగు మీద కూర్చోబెట్టారే. కుక్క బాగుపడేదాకా కదలొద్దన్నారు. ఇప్పుడు కుక్కతోపాటు జీపెక్కించుకుపోయారు. ఏం చేస్తారో ఏమిటో. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

"కుక్కకేమైందే?" అన్నాను.

ముందురోజు పొద్దున నాన్న గట్టు మీద డ్రమ్ము దగ్గర పురుగుమందు కలుపుతున్నాడట. కుక్క పక్కనే ఉందట. ఉన్నట్టుండి కాళ్ళు మడతపడి పడిపోయింది. నాన్న దాన్ని భుజానేసుకుని పరుగెత్తుకుంటూ ఆసామి ఇంటికి తెచ్చాడు. ఆసామి చూసిన చూపులోనే అర్థమైందట. "ఏరా, ఏం తాపావురా దానికి?" అన్నాడు. "ఏం తాపలేదండయ్యా, దేవుడి తోడు" అన్నాడు నాన్న. ఆ మాట ఎవరు వింటారు? పల్లెవాళ్ళు చేసిన బెదిరింపు ఉండనే ఉంది, నాన్న చేతులకి మందు వాసన ఉండనే ఉంది.

ఊళ్ళో ఆరెంపీ డాక్టర్ని పిలిచారు. ఆయన విషానికి విరుగుడు ఇంజెక్షన్ చేశాడు. చింతపండు పులుసు తాగించారు, ఉప్పునీళ్ళు పోశారు, గుడ్ల తెల్లసొన పట్టించారు. సాయంత్రానికి కుక్క లేచి కూర్చుంది. పెరుగన్నం తింది. అదిగో, అక్కడ మునిగాం. విరుగుడుకి లేచిందంటే తాగింది విషమే అని ఊరంతా తేల్చేసింది. అది లేవకపోయినా మా ప్రాణాలకే వచ్చేది, లేచినందుకు ఇంకా గట్టిగా వచ్చింది.

పత్తి చేలున్న మా వైపు ఆ రోజుల్లో ఏది పడిపోయినా పురుగుమందే. గొడ్డు నురగ కక్కితే మందే, కోడి తల వాల్చేస్తే మందే. మనిషి పడిపోయినా ముందు నోరు వాసన చూసేవాళ్ళు. చాలాసార్లు అదే నిజం కూడా. అందుకే ఇంకో కారణం ఎవరికీ తట్టేది కాదు, నాకూ తట్టలేదు. నాన్న చెయ్యి కడుక్కోకుండా ముట్టుకున్నాడేమో, అది డ్రమ్ములో మూతి పెట్టిందేమో అనే అనుకున్నాను.

తెల్లారేసరికి కుక్క మళ్ళీ పడిపోయింది. రాత్రంతా నాన్న అరుగు మీదే ఉన్నాడు కదా, మళ్ళీ ఎవరు పెట్టారు? ఆ ప్రశ్న అడిగే దమ్ము ఎవరికుంది! కడుపులో మిగిలిన మందు తిరగబెట్టిందన్నారు. ఆసామి జీపు తీయించి, కుక్కతోపాటు నాన్ననీ ఎక్కించుకుని గుంటూరు పశువుల ఆసుపత్రికి బయల్దేరాడట. బయల్దేరే ముందు నలుగురి మధ్యా అన్నాడట, "ఇది చచ్చిందంటే పల్లె సంగతి తేలుస్తా" అని.

ఆ మాట విన్న అమ్మ ఆ పూటే బస్సెక్కింది. మీకు అది ఉత్త కోపంతో అన్న మాటలా వినపడొచ్చు. ఆ రోజుల్లో మా జిల్లాల్లో ఊరికీ పల్లెకీ మధ్య గొడవ ఎంత చిన్న విషయంలో మొదలయ్యేదో, ఎక్కడిదాకా వెళ్ళేదో మా పల్లెలో చంటిపిల్లలకి కూడా తెలుసు. డ్యూటీ ఇంకొక అమ్మాయికి అప్పగించి, అమ్మని రిక్షా ఎక్కించుకుని పశువుల ఆసుపత్రికి పోయాను.

వరండాలో బల్ల మీద కుక్క ఉంది. దాని తల నాన్న చేతుల్లో ఉంది. నాన్న గడ్డం మాసిపోయి, కళ్ళు లోపలికి పోయి, గుర్తుపట్టలేకుండా ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు. ఆసామి నన్ను చూసి, "ఏమ్మాయ్, నువ్వు కూడా వచ్చావా, రా, మీ నాన్న చేసిన ఘనకార్యం చూద్దువుగాని" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది కాబట్టి ఊరుకున్నాను.

పశువుల డాక్టరు నెమ్మదైన మనిషి. కుక్క కంటిలోకి టార్చి వేసి చూశాడు. పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. పొట్ట మీద రెండు చేతులూ వేసి చాలాసేపు నొక్కి చూశాడు. తర్వాత ఆసామితో అన్నాడు.

"పురుగుమందు అయితే నోట్లోంచి చొంగ ధారగా కారాలండి. కంటిపాప చిన్నదైపోవాలి. ఒళ్ళు వణకాలి. అవేమీ లేవు. రక్తం తక్కువైపోయినట్టుంది. ఎడమవైపు లోపల ఏదో గట్టిగా తగులుతోంది. ప్లీహం అనుకుంటున్నా. కానీ పొట్టంతా ఉబ్బి ఉంది, చేత్తో చూసి ఖాయంగా చెప్పలేను."

"అంటే మందు కాదా?" అన్నాడు ఆసామి.

"కాదని నేను రాసివ్వలేను. లోపల చూడాలి. మనుషులకి స్కానింగ్ చేస్తున్నారు కదా, అలాంటిది ఉంటే తెలుస్తుంది. మా దగ్గర ఆ మిషన్ ఎక్కడిది!"

"మా దగ్గరుందండి. నేను పనిచేసేది ఆ గదిలోనే" అన్నాను. ఆసామి నన్ను ఎగాదిగా చూశాడు. "మనుషుల ఆసుపత్రిలో కుక్కని రానిస్తారా?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా నోటిదాకా ఒక జవాబు వచ్చింది. మింగేశాను. నేను అడిగొస్తానన్నాను.

మా డాక్టరుగారు విని కుర్చీలోంచి లేచారు. "నీకు మతి పోయిందా సిస్టర్? బయట గర్భిణీలు కూర్చున్నారు. కుక్కని పడుకోబెట్టిన బల్ల అని తెలిస్తే రేపు ఒక్కరు వస్తారా?" అన్నారు. ఆయన చెప్పింది తప్పని నేననను. కానీ నాకు వేరే దారేది? ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"సార్, అది చస్తే మా నాన్న మీదకొస్తుంది. మా నాన్నతో ఆగదు. మా పల్లె మీదకొస్తుంది. కుక్క కోసం అడగటం లేదు సార్, మా మనుషుల కోసం అడుగుతున్నా. బల్ల నేను డెట్టాలు వేసి కడుగుతా. కావాలంటే ఈ నెలంతా నేనే కడుగుతా."

డాక్టరుగారికీ ఏదో పల్లెటూరే సొంత ఊరు. "మధ్యాహ్నం పేషెంట్లు వెళ్ళాక, వెనక గుమ్మంలోంచి తీసుకురా. ఆ పశువుల డాక్టర్ని కూడా రమ్మను. కుక్క లోపల ఏది ఎక్కడుంటుందో నాకేం తెలుసు" అన్నారు.

బల్ల మీద రబ్బరు షీటు పరిచి, పైన పాత దుప్పటి వేశాను. ఆపరేషన్‌కి ముందు మనుషులకి గీసే బ్లేడుతోనే కుక్క పొట్ట మీద బొచ్చు గీశాను. అది మూలిగింది తప్ప పళ్ళు చూపించలేదు. నాన్న దాని చెవిలో ఏదో మాట్లాడుతున్నాడు. జెల్లీ రాస్తే చల్లగా తగిలి ఒక్కసారి వణికింది. లైట్లు ఆర్పేశాను. అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. ఆసామి గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గదిలో టీవీ వెలుతురు తప్ప ఏమీ లేదు.

డాక్టరుగారు పొట్ట మీద మిషన్ ప్రోబు ఆనించి నెమ్మదిగా కదిపారు. "ఇది లివరు. అంతేగా?" అంటే పశువుల డాక్టరు అవునన్నాడు. "ఇది మూత్రపిండం. మనిషికున్నట్టే ఉందే!" అన్నారు. నాకు ఆ తెర చదవడం కొంచెం వచ్చు. ఎప్పుడూ పక్కన నిలబడేదాన్నే కదా. కానీ ఆ వేళ నాకు ఏమీ కనపడలేదు, అంతా పొగలా అలుక్కుపోయింది. ఏమీ లేదు అంటారేమో అని భయం. రోజూ అందరూ ఎదురుచూసే ఆ మాట ఇప్పుడు వినపడితే మా నాన్న పని అయిపోయినట్టే. అప్పుడే ప్రార్థన చేసుకున్నాను. గడ్డ ఉండాలి దేవా. తండ్రీ, దీని కడుపులో గడ్డ ఉండాలి.

నాన్న కూడా పెదాలు కదుపుతున్నాడు. ఆయన ఏం ప్రార్థిస్తున్నాడో నాకు తెలుసు. దానికి ఏమీ కాకూడదని. ఒకే గదిలో, ఒకే దేవుణ్ణి, మేమిద్దరం చెరొకటీ అడుగుతున్నాం.

"ఆగండాగండి" అన్నాడు పశువుల డాక్టరు. "ఎడమవైపు. ఇంకొంచెం కిందకి. అదీ, అదే ప్లీహం."

డాక్టరుగారి చెయ్యి ఆగిపోయింది. ప్లీహం అంచు నున్నగా వచ్చి, వచ్చి, అక్కడ చెదిరిపోయింది. గుండ్రటి పెద్ద గడ్డ. కొంత తెల్లగా, కొంత బూడిదగా, మధ్యమధ్యలో నల్లటి గుంటలు. దాని చుట్టూ, పేగుల మధ్య, లివరు పక్కన, ఎక్కడ చూసినా నల్లగా ద్రవం.

"కొబ్బరికాయంత ఉంది" అన్నారు డాక్టరుగారు. "చుట్టూ ఉన్నది రక్తం అయ్యుంటుంది. గడ్డ పగిలి కారుతోంది. కారినప్పుడు పడిపోతుంది. ఆగినప్పుడు ఆ రక్తాన్ని ఒళ్ళే మళ్ళీ పీల్చుకుంటుంది, అప్పుడు లేస్తుంది. మీ చింతపండు పులుసుకి లేవలేదండీ అది."

బల్ల అంచు పట్టుకున్నాను. స్తోత్రం అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

ఆసామి తెర దగ్గరికొచ్చి కళ్ళు చిట్లించాడు. "నాకేం కనపడటం లేదు. అంతా మబ్బులా ఉంది. ఏది గడ్డ, ఏది రక్తం? మీరు ఏదంటే అదేనా?" అన్నాడు. తర్వాత నన్ను చూపించి, "ఈ అమ్మాయి మీ దగ్గర పనిచేసే మనిషాయె" అన్నాడు.

డాక్టరుగారికి కోపం రావడం నేను ఎప్పుడో గాని చూడలేదు. పొడవాటి సూది అడిగారు. ఇచ్చాను. తెర మీద ఆ నల్లటి చోటు చూసుకుంటూ పొట్టలోకి దింపి వెనక్కి లాగారు. సిరంజి నిండా ఎర్రటి రక్తం. ఆసామి మొహం ముందు పెట్టారు.

"ఇది కనపడుతోందా?"

"పురుగుమందు వల్ల గడ్డ లేచుండొచ్చుగా?" అన్నాడు ఆసామి, కానీ గొంతులో ఇదివరకటి జోరు లేదు.

"నిన్న తాగితే ఇవాళ్టికి ఇంత గడ్డ లేస్తుందా? ఇది నెలల తరబడి పెరిగింది" అన్నాడు పశువుల డాక్టరు.

అప్పుడు ఆసామి గోడ దగ్గరున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. "అయితే ఏంటిది, క్యాన్సరా?" అన్నాడు. డాక్టరుగారు చెప్పలేనన్నారు. ఈ బొమ్మలో గడ్డ ఉందని తెలుస్తుంది, అది మంచిదో చెడ్డదో తెలియదన్నారు. ఉత్త రక్తపు గడ్డ కూడా ఇలాగే కనపడొచ్చట. మళ్ళీ లివరు మీదకి ప్రోబు జరిపి చూశారు. అక్కడ చిన్నచిన్న మచ్చలు ఉన్నాయి. "ఇవి మాత్రం నాకు నచ్చలేదు. కానీ ఇవీ ఖాయం కాదు" అన్నారు.

పశువుల డాక్టరు కోసి చూడొచ్చన్నాడు. ప్లీహం తీసేసినా కుక్క బతుకుతుందట. లివరుకి పాకి ఉంటే మాత్రం ఎంత కోసినా దండగట. ఇంత రక్తం పోయాక బల్ల మీదే పోవచ్చు కూడా అన్నాడు.

ఆసామి అందరినీ చూసి, చివరికి నాన్నని అడిగాడు. "ఏం చేద్దాంరా?"

నాన్న వెంటనే అన్నాడు. "కోయించండయ్యా. బతుకుద్దేమో. నే పట్టుకుంటా."

నాకు ఆయన నోరు మూయాలనిపించింది. నీ నెత్తి మీద నుంచి ఇప్పుడే కదయ్యా దిగింది, మళ్ళీ ఎందుకు తగిలించుకుంటావ్! అది కత్తి కింద పోతే, వీడే కోయించమన్నాడు అంటారు. కళ్ళతో సైగ చేశాను. నాన్న నా వైపు చూడనే లేదు. జెల్లీ అంటిన ఆ పొట్టని తన కండువాతో తుడుస్తున్నాడు.

కోసే అవసరం రాలేదు. పశువుల ఆసుపత్రికి తిరిగి తీసుకెళ్ళి, వరండాలో దింపి, డాక్టరు లోపల ఆపరేషన్ సామాను ఉడకబెట్టిస్తుండగానే దాని ఊపిరి పెద్దదైపోయింది. నాన్న ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. రెండుమూడు సార్లు గట్టిగా పీల్చింది. తర్వాత పీల్చలేదు. నాన్న దాని పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. తర్వాత దాని మెడలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. మా తాత పోయినప్పుడు కూడా మా నాన్న అలా ఏడవగా నేను చూడలేదు. ఆసామి కూడా కండువా కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. లేదనను. ఆ మనిషికీ దుఃఖం ఉంది.

కానీ నేను వదల్లేదు. కుక్కని జీపులోకి ఎక్కిస్తుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"అయ్యగారూ, మా నాన్న ఏం చేయలేదని ఊళ్ళో చెప్పండి. అందరి ముందూ అన్నారు కదా, అందరి ముందే చెప్పండి."

అమ్మ "ఊరుకోవే, ఊరుకోవే" అని వెనక నుంచి గుంజుతోంది. ఆసామి నన్ను చూడకుండా, "చెప్తాలేమ్మాయ్, చెప్పకేం చేస్తా" అన్నాడు. చెప్పాడు కూడా. నేను ఆ తర్వాత ఊరికి వెళ్ళినప్పుడు విన్నాను. తన కుక్కకి గుంటూరులో మనుషుల డాక్టరు మిషన్ పెట్టి చూశాడని, కడుపులో కొబ్బరికాయంత గడ్డ బయటపడిందని, అలాంటి పరీక్ష జిల్లాలో ఇంకే కుక్కకీ జరగలేదని రచ్చబండ దగ్గర వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పాడట. అందులో మా నాన్న ఊసు లేదు. నిందే లేనట్టు, అరుగు మీద కూర్చోబెట్టిందే లేనట్టు.

ఆ సాయంత్రం మాత్రం జీపు స్టార్ట్ చేయించి, "పదరా, పొద్దు గూకుతోంది. దీన్ని పూడ్చాలి. తెల్లారి ఉత్తరం చేనుకి మందు కొట్టాలి, తెల్లదోమ పడింది" అన్నాడు. అంతే. తప్పయిందిరా లేదు, పొరపాటు పడ్డాను లేదు.

"నువ్వు వెళ్ళొద్దు నాన్నా" అన్నాను. "ఇంక ఆ గుమ్మం తొక్కొద్దు. నేను పెడతా, నా దగ్గరుందురుగాని ఇద్దరూ. ఏ మొహం పెట్టుకుని పిలుస్తున్నాడు ఆయన! డాక్టర్లు చెప్పారుగా నువ్వు చేయలేదని, మిషనులో కనపడిందిగా, సూదిలో రక్తం కూడా చూశాడుగా!"

నాన్న కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. బొచ్చు అంటుకుని ఉంది చేతులకి. నా మీద కోపం లేదు ఆయనకి, ఎవరి మీదా లేదు. చేతులు పంచెకి తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"తాపలేదని నే చెప్తానే ఉన్నాగా అమ్మా," అన్నాడు. "మొదట్నించీ."

జీపు హారన్ కొట్టింది. వెళ్ళి వెనక సీట్లో కుక్క పక్కన కూర్చున్నాడు.